“నాకేం కాలేదు” అన్నంత మాత్రాన: హైస్కూల్ సాకర్ నిబంధనలు, పిల్లల భద్రత

(న్యూజెర్సీలోని తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో, ఆటల సీజను మొదలయ్యే ముందు ఒక హైస్కూల్ సాకర్ రిఫరీ చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పిల్లలను వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. పిల్లలను ముందు వరుసల్లో కూర్చోబెట్టారు, అది ఇంకా సంతోషం. నేను మాట్లాడవలసింది ముఖ్యంగా వాళ్ళతోనే. మీతో మాట్లాడవలసింది కూడా ఉంది, దానికి వస్తాను.

ముందు ఒక విషయం స్పష్టంగా అనుకుందాం. శని, ఆదివారాల్లో మీరు టీవీలో చూసే ఆట వేరు, మీ పిల్లలు హైస్కూల్లో ఆడే ఆట వేరు. బంతి ఒకటే, గోలుపోస్టులు ఒకటే, నిబంధనల పుస్తకం మాత్రం వేరు. టీవీలో కనిపించే ఆటకు నిబంధనలు రాసేది ఐఫాబ్ అనే అంతర్జాతీయ మండలి. ఇక్కడ హైస్కూల్ ఆటకు రాసేది రాష్ట్ర హైస్కూల్ సంఘాల జాతీయ సమాఖ్య, అంటే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్. దాని కార్యాలయం ఇండియానాపొలిస్‌లో ఉంది. అక్కడ ఆట 90 నిమిషాలు, ఇక్కడ 40 చొప్పున రెండు సగాలు, మొత్తం 80. అక్కడ గడియారం ఆగదు, చివర్లో అదనపు సమయం కలుపుతారు. ఇక్కడ గోలు పడితే గడియారం ఆపుతాం, కార్డు చూపిస్తే ఆపుతాం, ఎవరికైనా దెబ్బ తగిలితే ఆపుతాం. అక్కడ బయటికి వెళ్ళిన ఆటగాడు మళ్ళీ లోపలికి రాకూడదు. ఇక్కడ ఎన్నిసార్లయినా వెళ్ళవచ్చు, ఎన్నిసార్లయినా రావచ్చు.

ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. ఎన్నిసార్లయినా వెళ్ళవచ్చు, ఎన్నిసార్లయినా రావచ్చు. చాలామంది దీన్ని చూసి “స్కూలు పిల్లలు కదా, అందరికీ అవకాశం రావాలని పెట్టారు” అనుకుంటారు. అది నిజమే, కానీ సగం నిజమే. నా దృష్టిలో ఈ పుస్తకంలో ఉన్న అన్నిటికంటే పెద్ద భద్రతా నిబంధన ఇదే. ఎందుకంటారా? చెబుతాను.

2014 జులై 13. రియో నగరం, ప్రపంచ కప్ ఫైనల్. జర్మనీ, అర్జెంటీనా. ఎంతమంది చూశారు ఆ ఆట? చాలామందే చూశారన్నమాట. పదిహేడో నిమిషం ప్రాంతంలో జర్మనీ ఆటగాడు క్రిస్టోఫ్ క్రామర్ ముఖానికి అవతలి జట్టు డిఫెండరు భుజం బలంగా తగిలింది. కుప్పకూలాడు. లేచాడు. మళ్ళీ ఆడాడు. కాసేపటికి రిఫరీ నికోలా రిజోలీ దగ్గరకు వచ్చి అడిగాడు: “ఇది ఫైనలేనా?” అని. రిజోలీ మొదట వేళాకోళం అనుకున్నాడు. క్రామర్ మళ్ళీ అదే అడిగాడు. అప్పుడు రిజోలీకి సంగతి అర్థమై జట్టులో మరొకరికి చెప్పాడు. ముప్పై ఒకటో నిమిషంలో క్రామర్‌ను బయటికి తీసుకెళ్ళారు. దెబ్బ తగిలాక దాదాపు పద్నాలుగు నిమిషాలు, తాను ఏ ఆట ఆడుతున్నాడో తెలియని మనిషి ప్రపంచ కప్ ఫైనల్ ఆడాడు.

ఆ పద్నాలుగు నిమిషాలు ఎందుకు ఆడించారు? అతనేమో బాగానే ఉన్నానన్నాడు. అప్పటి నిబంధనల ప్రకారం మూడు మార్పులే చేసుకోవచ్చు, బయటికి పంపితే మళ్ళీ రాలేడు. ఫైనల్లో, అంత ముందుగా, ఒక మార్పు పోతుంది. ఆ లెక్క ఏ కోచ్ మనసులోనైనా ఉంటుంది. తలకు దెబ్బ తగిలినవారి కోసం అదనపు మార్పును ఐఫాబ్ శాశ్వతంగా తన నిబంధనల్లో చేర్చింది 2024లో. రియో ఫైనల్ జరిగిన పదేళ్ళకు.

మన హైస్కూల్లో ఆ లెక్కే లేదు. అమ్మాయిని బయటికి పంపితే జట్టుకు పోయేది ఏమీ లేదు. వేరే అమ్మాయి వస్తుంది, అంతే. బాగుందని తేలితే ఈ అమ్మాయి మళ్ళీ వస్తుంది. అనుమానం వచ్చిన క్షణంలో బయటికి పంపడానికి ఎవరికీ ఏ సాకూ లేకుండా చేశారు. అందుకే అన్నాను, అది భద్రతా నిబంధన అని.

ఇప్పుడు అసలు నిబంధనకు వద్దాం. 2010లో ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ తన ఆటల పుస్తకాలన్నిటిలో ఒక వాక్యం చేర్చింది. దాని సారాంశం నా మాటల్లో చెబుతాను: కంకషన్‌కు (తలకు దెబ్బ తగిలి మెదడు పనితీరు దెబ్బతినడానికి) సరిపోయే గుర్తులు కనిపిస్తే, అంటే స్పృహ తప్పడం, తలనొప్పి, తల తిరగడం, తికమకపడటం, తూలడం వంటివి కనిపిస్తే, ఆ ఆటగాణ్ణి వెంటనే ఆటలోంచి తప్పించాలి. అర్హత ఉన్న వైద్యుడో, వైద్య నిపుణుడో సరే అనేదాకా మళ్ళీ ఆడనివ్వకూడదు.

ఈ వాక్యంలో ఏముందో చూడండి. “కంకషన్ అయితే” అని లేదు. “కంకషన్‌కు సరిపోయే గుర్తులు కనిపిస్తే” అని ఉంది. రిఫరీ డాక్టరు కాదు. నేను డాక్టరును కాను. నాకు జబ్బు కనిపెట్టే పని లేదు. నాకున్నది ఒక్కటే పని, కళ్ళు తెరుచుకుని చూడటం. తూలింది, చూశాను, బయటికి పంపాను. అక్కడితో నా పని అయిపోయింది. తర్వాత సంగతి వైద్యం తెలిసినవారు చూసుకుంటారు. అంతకుముందు పుస్తకంలో ఉన్న మాట స్పృహ తప్పడం గురించే. స్పృహ తప్పకుండా కూడా మెదడు దెబ్బతింటుందని, అలాంటివే ఎక్కువని డాక్టర్లు చెప్పీ చెప్పీ, చివరికి పుస్తకం మారింది.

ఊరికే మారలేదు. దాని వెనుక ఒక పిల్లవాడున్నాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లిస్టెడ్ అనే పదమూడేళ్ళ అబ్బాయి. 2006లో మిడిల్ స్కూల్ జట్టుకు ఆడుతున్నాడు. అది సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. మొదటి సగం చివర్లో తల నేలకు కొట్టుకుంది. కాసేపు కూర్చున్నాడు. రెండో సగంలో మళ్ళీ దిగాడు. ఆట అయ్యాక మైదానంలోనే కూలిపోయాడు. మెదడుకు శస్త్రచికిత్స చేశారు, చాలాకాలం కోమాలో ఉన్నాడు, మళ్ళీ మాట్లాడటం, నిలబడటం నేర్చుకోవడానికి ఏళ్ళు పట్టింది. ఆ కుటుంబం ఊరుకోలేదు. కంకషన్ అనుమానం ఉన్న పిల్లలను వైద్యులు ఒప్పుకునేదాకా ఆడనివ్వకూడదని 2009లో అక్కడ అతని పేరు మీదే చట్టం వచ్చింది. 2010లో మన న్యూజెర్సీలో వచ్చింది. 2014 నాటికి యాభై రాష్ట్రాల్లోనూ ఏదో ఒక రూపంలో వచ్చింది.

మొదటి దెబ్బకంటే రెండో దెబ్బ ఎందుకు ప్రమాదమో ఒక్క ముక్క చెబుతాను, ఇక్కడున్న డాక్టర్లు సరిదిద్దవచ్చు. దెబ్బ తగిలిన మెదడుకు తేరుకోవడానికి మామూలుకంటే ఎక్కువ శక్తి కావాలి, సరిగ్గా ఆ సమయంలోనే దానికి అందే శక్తి తగ్గుతుంది. అది తేరుకోకముందే మళ్ళీ తగిలితే, ఆ తగిలింది చిన్నదైనా సరే, మెదడు ఉబ్బిపోవచ్చు. అరుదే. కానీ జరిగినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది, అదీ ఎక్కువగా చిన్న వయసువారికే.

ఒక అమ్మాయి గురించి చెబుతాను. ఊరు చెప్పను, స్కూలు చెప్పను. గోలు ముందు ఎగిరివచ్చిన బంతి కోసం ఇద్దరు అమ్మాయిలు ఒకేసారి గెంతారు, తలలు రెండూ ఠక్కుమని కొట్టుకున్నాయి. ఒకమ్మాయి ఏడ్చింది. రెండో అమ్మాయి లేచి నిలబడి, నవ్వి, బొటనవేలు పైకెత్తి చూపించింది. “ఐ యామ్ ఫైన్” అంది. ఎవరైనా ఏ అమ్మాయిని చూస్తారు? ఏడ్చే అమ్మాయినే కదా. నేను రెండో అమ్మాయిని చూస్తున్నాను. ఆట మొదలుపెట్టడానికి అందరూ ఎవరి జాగాల్లోకి వాళ్ళు వెళ్తుంటే, ఈ అమ్మాయి అవతలి జట్టువాళ్ళ మధ్యకు వెళ్ళి నిలబడింది. తనకు తెలియలేదు. విజిల్ వేశాను, గడియారం ఆపాను, ఆటగాళ్ళ గాయాలు చూసే అథ్లెటిక్ ట్రైనర్‌ను పిలిచాను. ఆ అమ్మాయి నా మీద ఎంత కోప్పడిందో! ఏడ్చింది. “నాకేం కాలేదు, నాకేం కాలేదు” అంటూనే ఉంది.

అందుకే నేను పిల్లలను “బాగున్నావా?” అని అడగను. పదహారేళ్ళ పిల్ల, పక్కన స్నేహితులు, గట్టు మీద కోచ్, అవతల అమ్మానాన్నలు ఫోనుతో వీడియో తీస్తున్నారు. ఆ పిల్లను “బాగున్నావా?” అని అడిగితే ఏం చెబుతుంది? బాగున్నానని కాక ఇంకేం చెబుతుంది? నేను అడిగేది వేరే ఉంటుంది. “స్కోరెంత? ఇది మొదటి సగమా, రెండో సగమా? ఇందాక గోలు వేసింది ఎవరు?” ఆ జవాబు కంటే, జవాబు చెప్పేటప్పుడు కళ్ళు చూస్తాను. పక్కకు తిరిగి ఎవరి సాయమైనా వెతుకుతుందేమో చూస్తాను.

పిల్లలూ, మీరు వింటున్నారా? జట్టులో మీ స్నేహితురాలు అడిగిందే మళ్ళీ అడుగుతుంటే, వెలుతురు చూడలేక కళ్ళు చిట్లిస్తుంటే, మీరే రిఫరీకి చెప్పండి. అది చాడీ కాదు. నాకంటే మీకే ఆ అమ్మాయి బాగా తెలుసు. మామూలుగా ఎలా ఉంటుందో, ఇప్పుడెలా ఉందో మీకే తెలుస్తుంది.

ఇక పెద్దలకు. మన తెలుగు కుటుంబాల్లో డాక్టర్లకు కొదవ లేదు, అది మనకు గర్వం. కానీ గట్టు దాటి మైదానంలోకి వచ్చి, “నేను డాక్టరును, మా అమ్మాయిని చూశాను, ఏమీ కాలేదు, ఆడనివ్వండి” అంటే కుదరదు. కంకషన్ అనుమానంతో బయటికి వెళ్ళిన విద్యార్థి, ఆ పరీక్షలో శిక్షణ ఉన్న వైద్యులు చూసి రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా ఆడకూడదని మన రాష్ట్ర చట్టం చెబుతోంది. ఒప్పుకున్నాక కూడా ఒక్కసారిగా ఆటలోకి దించరు. మెల్లగా నడక, పరుగు, బంతితో సాధన, ఒకరినొకరు తాకే సాధన, చివరికి ఆట. మెట్టుకూ మెట్టుకూ మధ్య కనీసం ఒక రోజు. మధ్యలో తలనొప్పి వస్తే ఒక మెట్టు వెనక్కి. చదువు కూడా అంతే, పరీక్షలున్నాయని రాత్రంతా కూర్చోబెట్టకండి. ఆ మాట ప్రత్యేకంగా మనవాళ్ళకు చెబుతున్నాను.

“తలకు పట్టీ కొనిస్తే సరిపోతుందా?” అని చాలామంది అడుగుతారు. మెత్తటి నురుగుతో చేసిన తలపట్టీలు అమ్ముతున్నారు కదా, అవి పెట్టుకోవచ్చు, నిబంధన ఒప్పుకుంటుంది. కానీ విస్కాన్సిన్‌లో 2,700 మందికి పైగా హైస్కూల్ ఆటగాళ్ళ మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ పట్టీ కట్టుకున్నవారికీ కట్టుకోనివారికీ కంకషన్ల విషయంలో తేడా కనిపించలేదు. కొనండి, కొనవద్దనను. కానీ పట్టీ ఉంది కదా అన్న ధైర్యంతో పిల్ల ఇంకా దూకుడుగా వెళ్తే మాత్రం నష్టమే.

తలతో బంతిని కొట్టడం గురించీ అడుగుతారు. పదేళ్ళు, అంతకు లోపు పిల్లలు హెడింగ్ చేయకూడదని ఈ దేశపు సాకర్ సమాఖ్య యు.ఎస్. సాకర్ 2015లో నిర్ణయించింది. పదకొండు నుంచి పదమూడేళ్ళవారికి సాధనలో పరిమితి పెట్టింది. హైస్కూల్లో నిషేధం లేదు. అయితే ఒక సంగతి గమనించండి, హెడింగ్ సమయంలో అయ్యే కంకషన్లలో ఎక్కువ భాగం బంతి తగిలి కావు. అవతలి తల తగిలి, మోచేయి తగిలి, భుజం తగిలి అవుతాయి. అందుకే గాల్లోకి లేచినప్పుడు మోచేయి ఎక్కడుందో అంత జాగ్రత్తగా చూస్తాం. మోచేయి బయటికి పెడితే కార్డు. “బంతి కోసమే లేచాడండీ” అన్నా కార్డే.

కార్డు అంటే గుర్తుకొచ్చింది. టీవీ ఆటలో పసుపు కార్డు తిన్నవాడు ఆడుతూనే ఉంటాడు. హైస్కూల్లో పసుపు కార్డు వస్తే బయటికి వెళ్ళాలి, అతని బదులు ఇంకొకరు రావచ్చు. దీన్ని శిక్ష అనుకుని తల్లిదండ్రులు బాధపడతారు. కోపంతో ఊగిపోతున్న కుర్రవాణ్ణి నాలుగు నిమిషాలు కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి పంపితే, వాడు వెళ్ళి ఇంకొకరి కాలు విరగ్గొట్టకుండా ఉంటాడు. నేను ఈ నిబంధనను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

ఇదిగో, ముందు వరుసలో ఎర్ర టీషర్టు బాబూ, షిన్‌గార్డులు తెమ్మన్నాను, తెచ్చావా? ఏదీ, ఇటివ్వు. అందరూ చూడండి, మోకాలి కింద ఎముకకు దెబ్బ తగలకుండా పెట్టుకునేవి ఇవి. ఈ మూలన చిన్న ముద్ర ఉంది చూశారా? నాక్సీ ముద్ర, అంటే ఆటల రక్షణ పరికరాలకు ప్రమాణాలు పెట్టే సంస్థది. దాని పక్కనే ఎత్తు రాసి ఉంటుంది, ఇంత ఎత్తు నుంచి ఇంత ఎత్తు వరకు ఉన్నవారికి అని. బాబూ, ఒకసారి నిలబడు. నీ ఎత్తెంత? చూశారా, దీని మీద రాసిన ఎత్తు దాటిపోయాడు. రెండేళ్ళ క్రితం కొన్నారు కదూ? ఇది మేజోడు లోపల పెట్టుకుంటే, కింది అంచు చీలమండకు రెండు అంగుళాలకంటే పైన ఉండకూడదు. వీడికి దాదాపు నాలుగు అంగుళాల పైన ఉంటుంది. ఆ మధ్యలో ఎముక మీద చర్మం తప్ప ఏమీ లేదు. సరిగ్గా అక్కడే తన్నులు తగులుతాయి. అరచేయంత షిన్‌గార్డులు పెట్టుకోవడం ఈమధ్య కుర్రాళ్ళకు ఫ్యాషన్ అయింది, టీవీలో పెద్ద ఆటగాళ్ళను చూసి. నా ఆటలో అది కుదరదు. కూర్చో నాన్నా. అమ్మగారూ, ఈ వారమే కొత్తవి కొనండి.

నగలు. ఇక్కడే మనవాళ్ళతో నాకు ఎక్కువ వాదన. చెవి దుద్దులు తీయాలి, ముక్కుపుడక తీయాలి, కడియం తీయాలి, చేతికి కట్టిన దారాలు తీయాలి. “మీద టేపు వేస్తామండీ” అంటారు. కుదరదు. దుద్దు వెనక మొన టేపు వేసినా పోదు, బంతి చెవికి తగిలితే అది మెడలోకి గుచ్చుకుంటుంది. “నిన్ననే కుట్టించాం, తీస్తే పూడుకుపోతుంది” అంటారు. సీజను అయ్యాక కుట్టించండి, నవంబరులో. దేవుడి బిళ్ళ అయితే ఉంచుకోవచ్చు, చొక్కా లోపల ఒంటికి టేపుతో అంటించాలి. మధుమేహం, ఎలర్జీల వంటివి తెలిపే వైద్య బిళ్ళ కూడా టేపుతో అంటించాలి, కానీ అది పైకి కనిపించవచ్చు, కనిపిస్తేనే మంచిది. చేతికి కట్టు ఉంటే, గట్టి కట్టు మీద కనీసం అర అంగుళం మందాన మెత్తటి పొర చుట్టాలి.

అయితే భద్రత పేరుతో పెట్టే ప్రతి నిషేధమూ న్యాయమైనదని నేను అనను. 2013లో కెనడాలోని క్యూబెక్‌లో సిక్కు పిల్లలు తలపాగాతో సాకర్ ఆడకూడదన్నారు. కారణం? భద్రత. ఎవరికి ఎప్పుడు ఏ దెబ్బ తగిలింది? చూపించలేకపోయారు. ఫిఫా కల్పించుకున్నాక వెనక్కి తీసుకున్నారు, మరుసటి ఏడాది అంతర్జాతీయ నిబంధనల్లోనే తలపాగాకు, హిజాబ్‌కు అనుమతి వచ్చింది. హైస్కూల్లో మొన్నమొన్నటిదాకా మతపరమైన తలవస్త్రం కట్టుకోవాలంటే రాష్ట్ర సంఘం నుంచి ముందే కాగితం తెచ్చుకోవాలి. ఆ కాగితం మరిచిపోయిన పిల్లను ఆట రోజున పక్కన కూర్చోబెట్టాలి. 2021లో ఆ షరతు తీసేశారు. గట్టి పదార్థం, సూదులు, పిన్నులు లేకుంటే చాలు. మంచి మార్పు. ప్రమాదం ఏదో, అలవాటులేనితనం ఏదో వేరుచేసి చూడటం నిబంధనలు రాసేవాళ్ళకు కూడా ఆలస్యంగానే వచ్చింది.

ఇంకో మూడు సంగతులు త్వరగా చెబుతాను. ఆటకు ముందు మేము గోలుపోస్టును పట్టుకుని ఊపి చూడటం మీరు చూసే ఉంటారు. అది ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న లోహపు చట్రం. నేలకు బిగించకపోయినా, వెనక బరువులు పెట్టకపోయినా ముందుకు పడుతుంది. అలా మీద పడి ఈ దేశంలో పిల్లలు చనిపోయారు. బిగించలేదంటే ఆట మొదలుకాదు, బస్సులో రెండు గంటలు ప్రయాణం చేసి వచ్చిన జట్టయినా సరే. మీ పిల్లలు గోలు పట్టుకుని వేలాడుతుంటే మీరే దించండి.

ఉరుము వినిపించినా, మెరుపు కనిపించినా ఆట ఆగుతుంది. ముప్పై నిమిషాలు. ఇరవై తొమ్మిదో నిమిషంలో ఇంకో ఉరుము వినిపిస్తే మళ్ళీ మొదటి నుంచి ముప్పై. “ఎక్కడో దూరంగా ఉరిమిందండీ” అంటారు. చెవికి వినిపించిందంటే పిడుగు పడేంత దగ్గరలోనే ఉన్నట్టు. గొడుగులు వేసుకుని గట్టు మీద నిలబడకండి, కార్లలోకి వెళ్ళండి.

మూడోది గుండె. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో ఆట మధ్యలో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ గుండె ఆగి, ఎవరూ తాకకుండానే కుప్పకూలాడు. రిఫరీ ఆంథోనీ టేలర్ క్షణాల్లో ఆట ఆపి వైద్యులను పిలిచాడు. ఎరిక్సన్ బతికాడు, మళ్ళీ ఆడాడు కూడా. ఎవరూ తాకకుండా పడినవాణ్ణి చూసి “నటిస్తున్నాడు” అని ఎప్పుడూ అరవకండి. గుండెకు విద్యుత్తు అందించే ఏఈడీ యంత్రాలు స్కూళ్ళలో ఉండాలని న్యూజెర్సీలో జానెట్ చట్టం చెబుతోంది. మీ స్కూలు మైదానానికి దగ్గరగా అది ఎక్కడుందో మీలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఇంతమందిలో నలుగురు. మొదటి ఆటకు ఐదు నిమిషాలు ముందు వెళ్ళి చూసి రండి. తాళం వేసి ఉంటే ప్రిన్సిపాల్‌కు ఆ రోజే రాయండి.

ఇవన్నీ చూడాల్సింది ఎవరు? మైదానంలో ఇద్దరో ముగ్గురో రిఫరీలు. వాళ్ళు కూడా దొరకడం లేదు. 2018-19 తర్వాత అన్ని ఆటల్లోనూ కలిపి దాదాపు 50,000 మంది హైస్కూల్ రిఫరీలు మానుకున్నారని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ చెప్పింది. ఎందుకు మానుకున్నారు? డబ్బు చాలక కొందరు, వయసు మీదపడి కొందరు. ఎక్కువమంది చెప్పే కారణం మాత్రం గట్టు మీది నుంచి పడే తిట్లు. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు మొదటిసారి విజిల్ పట్టుకుని వస్తాడు. నలభై ఐదేళ్ళ పెద్దమనిషి గంటసేపు వాణ్ణి తిడతాడు. వాడు మళ్ళీ వస్తాడా? వాడు రాకపోతే ఆ మైదానంలో ఒక జత కళ్ళు తగ్గాయి. అవతలి జట్టు మధ్యలో నిలబడ్డ ఆ అమ్మాయిని చూసే కళ్ళు అవే. ఆఫ్‌సైడు తప్పు చెప్పాడని మీరు అరుస్తున్నప్పుడు అతను మీ వైపు చూస్తాడు, దెబ్బ తగిలిన పిల్ల వైపు కాదు. అరవవద్దని మర్యాద కోసం అడగడం లేదు, మీ పిల్లల తలల కోసం అడుగుతున్నాను.

అంతకంటే మంచి పని ఒకటుంది. మీలో ఎవరైనా రిఫరీగా చేరండి. ఇక్కడున్న తండ్రుల్లో, తల్లుల్లో చిన్నప్పుడు హైదరాబాదులోనో, విశాఖలోనో ఆడినవారు ఉన్నారని నాకు తెలుసు, ఇందాక టీ దగ్గర మాట్లాడాను కదా. ఆడకపోయినా ఫరవాలేదు. తరగతులుంటాయి, నిబంధనల మీద పరీక్ష ఉంటుంది, మొదట్లో పెద్ద రిఫరీ పక్కన నిలబెట్టి నేర్పిస్తారు. కాలేజీకి వెళ్ళే పిల్లలు కూడా చేరవచ్చు, నాలుగు డబ్బులు వస్తాయి. వెనక బల్ల మీద కాగితం పెట్టాను, పేరు, ఫోను నంబరు రాయండి, తరగతుల తేదీలు నేను పంపుతాను. షిన్‌గార్డులు తెచ్చిన మిగతా పిల్లలు కూడా అక్కడికే రండి, ఒక్కొక్కరివి చూస్తాను. ఇప్పుడు ప్రశ్నలు. ముందు పిల్లలు అడగండి, తర్వాత పెద్దలు.